అలక లేని లోకం

కట్టయ్య మామ లోపలి గదిలో ఉన్నాడు, కానీ నిద్రపోవడం లేదు, ఆ సంగతి బయట సోఫాలో కూర్చున్న జశ్వంత్‌కు బాగా తెలుసు, ఎందుకంటే నిద్రపోయే మనిషి ఫ్యాను స్పీడు మార్చుకోడు. పెంచుతున్నాడు, తగ్గిస్తున్నాడు, మళ్లీ పెంచుతున్నాడు, రెగ్యులేటర్ టిక్కుమన్నప్పుడల్లా సుమిత్ర అత్త వంటింట్లోంచి తొంగిచూసి, "పండుకున్నడు బిడ్డా, పొద్దుగాల్ల షిఫ్టు చేసొచ్చిండు గద," అని, ఆ అబద్ధం తనకే నచ్చనట్టు కొంగుతో మూతి తుడుచుకుని వెనక్కి పోతోంది. జశ్వంత్ తల ఊపాడు. ఎదుటి మనిషి అబద్ధం చెబుతున్నట్టు తెలిసినా ప్రతిసారీ ఎత్తిచూపాల్సిన పనిలేదని అతనికి మాటతీరు నేర్పే కహ్కషాన్ అక్క చెప్పింది, అది ఒంటపట్టడానికి అతనికి ఒక చలికాలమంతా పట్టింది. సోఫాకు ప్లాస్టిక్ కవరు తొడిగారు, కదిలితే చాలు తొడలకింద కరకరమంటోంది, భూపాలపల్లి ఎండకు అది వేడెక్కి కూడా ఉంది, అందుకని కదలకుండా కూర్చోవడమే మేలు. ఒళ్లో సంచి, సంచిలో చెల్లెలు రిషిత పెండ్లిపత్రిక, కుంకుమ డబ్బి, అమ్మ మడిచిపెట్టిన రవికెబట్ట. మామ ఆ తలుపు తీసుకుని బయటికి రావాలి, వచ్చి పెండ్లికి వస్తానని అనాలి. అంతే పని. ఇంటిల్లిపాదీ చేయలేకపోయిన పని అదే.

చేయలేకపోవడం కూడా మామూలుగా కాదు, ఒకరి తరువాత ఒకరు వరసపెట్టి చేయలేకపోయారు. పెండ్లి మహబూబాబాద్‌లో, పిల్లగానిది ఆ పక్క దంతాలపల్లి, ముహూర్తం కుదిరిన రోజు బాపు జగపతి ఉబ్బితబ్బిబ్బై చుట్టాల వాట్సాప్ గ్రూపులో ముహూర్తం పెట్టేశాడు, ఆ గ్రూపులో అందరూ ఉన్నారు, ఎప్పుడో ట్రాక్టర్ బాగుచేసిన మెకానిక్ కూడా ఉన్నాడు, మామ కూడా ఉన్నాడు. మెకానిక్ చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. మామ ఏమీ పెట్టలేదు. గ్రూపులోంచి వెళ్లిపోయాడు. పెండ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి మండపానికి ఎత్తుకొచ్చే మేనమామకూ, ట్రాక్టర్ మెకానిక్‌కూ ఒక్కసారే కబురు తెలియడం ఏమిటని మామ కోపం. కోపం కాదు, అమ్మ దాన్ని అలక అంటుంది. అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. బాపు పండ్లు పట్టుకుని ఇక్కడికే వచ్చి, ఇదే సోఫాలో కూర్చుని, కాసేపు బతిమిలాడి, ఇంకాసేపు బతిమిలాడితే పోయేదానికి మధ్యలో తన కోపం తాను తెచ్చుకుని, "రాకుంటే మానె" అని తెచ్చిన పండ్లు కూడా అక్కడే వదిలి లేచి వచ్చేశాడు. రిషిత మాత్రం ఒక్కటే మాట మీద ఉంది. "మామ రాకుంటే నేను గంపల కూసోను. నడుచుకుంటనే పోత మండపానికి." చెల్లె అంటే అంటుంది, చేస్తుంది కూడా. ఆ సాయంత్రం అందరూ తలా ఒక దిక్కు చూస్తూ అన్నం తింటుంటే జశ్వంత్ తలెత్తి, "నేను పోత," అన్నాడు. బాపు ముద్ద నోటి దగ్గరే ఆగింది. రిషిత ఒక్కతే, "అన్ననే పోవాలె," అంది, ఇంకొంచెం కూర వేసింది అతని పళ్లెంలో.

వంటింట్లో కుక్కర్ కూత వేసింది. వేస్తుందని ముందే తెలుసు, ఆవిరి చప్పుడు చిక్కబడుతుంటే చెవులు మూసుకుని సిద్ధంగా ఉన్నాడు, అయినా గుండె ఒకసారి ఎగిరిపడింది. కుడిచేతి బొటనవేలు దానంతటది మడుచుకుని నొక్కింది, ఏమీ లేని గాలిని. జనగామలో, కహ్కషాన్ అక్క సెంటర్‌లో అయితే చేతిలో ఒక పిడి ఉంటుంది, దానికి బొత్తాం ఉంటుంది, నొక్కితే లోకం మొత్తం ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. కళ్లకు హెడ్‌సెట్ తగిలించుకుంటే చుట్టూ ఒక వీధి లేస్తుంది, బస్టాండు, కిరాణం దుకాణం, ఫంక్షన్ హాలు, నాలుగు మూలలా మనుషులు. ఊళ్లో అవ్వ దాన్ని కండ్లపెట్టె అంటుంది, మనవడు పట్నపోళ్ల సినిమా చూసి వస్తున్నాడనుకుంటుంది. ఆటిజం అని వరంగల్ దవాఖానలో డాక్టరమ్మ చెప్పినప్పుడు కూడా అవ్వ, "పేరేదైతేంది, నా మనుమడు మా జోరు పొలగాడు," అని తేల్చేసింది. మనుషుల మాట, మొహం, తొందర, వెటకారం, అన్నీ ఒక్కసారే మీద పడితే జశ్వంత్‌కు దారి దొరకదు, అంతే, ఆ వీధిలో మాత్రం ఒక్కొక్కటిగా వస్తాయి. కండక్టర్ టికెట్ అడుగుతాడు, ఆగుతాడు. దుకాణదారు ఏం కావాలంటాడు, ఆగుతాడు. తప్పు మాట్లాడితే ఎవరూ నవ్వరు, మళ్లీ మొదటినుంచి. ఆ మనుషులందరికీ మాట కహ్కషాన్ అక్కదే, మీసాల కండక్టర్‌కూ అక్క గొంతే, ముసలమ్మకూ అక్క గొంతే, గొంతు లావు చేసినప్పుడు మధ్యలో దగ్గొస్తే ఆ దగ్గు కూడా అలాగే ఉంచేసింది.

మొదట్లో ఆ వీధిలో మనుషులు అలా మాట్లాడేవాళ్లు కాదు. ఎక్కడో తయారుచేసి పంపిన వీధి అది, అందరూ పుస్తకంలోంచి లేచి వచ్చినట్టు మాట్లాడేవాళ్లు, జశ్వంత్ దాన్నే శ్రద్ధగా నేర్చుకుని తమ ఊరు నర్మెట్టలో బాబామియా కిరాణం దుకాణానికి పోయి, చేతులు కట్టుకుని, "నమస్కారమండి, దయచేసి నాకు ఒక కిలో చక్కెర ఇవ్వగలరా," అన్నాడు. బాబామియా తూకం వదిలేసి లేచి నిలబడ్డాడు. "ఏం సారూ, కలెక్టర్ ఆఫీసు నుంచి వస్తివా? నేనేం తప్పు జేసిన?" అన్నాడు. దుకాణం దగ్గరున్నవాళ్లంతా నవ్వారు, బాబామియా మాత్రం నవ్వకుండా చక్కెర జోకి, పొట్లం చేతిలో పెట్టి, "చక్కెర ఇయ్యి మామూ అంటే ఇయ్యనా, జర చెప్పు," అన్నాడు. ఆ కథ విని కహ్కషాన్ అక్క తన తలమీద తనే కొట్టుకుంది, ఆ వారమే గది తలుపు వేసుకుని కూర్చుని వీధి మొత్తానికి మన మాట నేర్పింది. ఇప్పుడా కండక్టర్, "ఏడికి వోతవే, జల్ది చెప్పు," అంటాడు, బాగుంటుంది. ఈ పొద్దున హన్మకొండలో భూపాలపల్లి బస్సెక్కితే నిజం కండక్టర్ కూడా అచ్చంగా అదే మాట అన్నాడు, జశ్వంత్‌కు ఎంత సంతోషమేసిందంటే టికెట్ తీసుకుని, "మంచిగ అడిగినవే అన్నా," అని మెచ్చుకున్నాడు. కండక్టర్ కాసేపు అతన్నే చూసి, ముందుకు పోయి, మళ్లీ వెనక్కి వచ్చి కిటికీ పక్క సీటు ఇప్పించాడు. ఒంటరిగా ఇంతదూరం రావడం అదే మొదలు. బాపు జనగామ బస్టాండులో దింపి, బస్సు కదిలినా పక్కనే నడుస్తూ ఏదో చెబుతూనే ఉన్నాడు, అద్దం మూసి ఉంది, ఏమీ వినపడలేదు, జశ్వంత్ మాత్రం తల ఊపాడు.

టిక్కు. ఫ్యాను మళ్లీ పెరిగింది. ఒక దగ్గు కూడా వచ్చింది లోపలినుంచి, పండుకున్న మనిషి దగ్గు కాదు, తలుపుకు దగ్గరగా నిలబడ్డ మనిషి దగ్గు. అత్త గాజు గ్లాసులో చాయ తెచ్చి పెట్టింది, "తాగు బిడ్డా," అంది, చాయ వేడిగా ఉంది కనుక "సల్లారినంక తాగుత" అన్నాడు, సరే అని లోపలి గది తలుపు వైపు ఒకసారి చూసి అక్కడే నిలబడింది. ఈ అత్త మంచిది, బుగ్గలు గిల్లదు. చుట్టాల్లో బుగ్గలు గిల్లేవాళ్లున్నారు, ఇరవై దాటిన మగవాడి బుగ్గలు కూడా గిల్లుతారు, బరాత్‌లో డప్పుల మధ్యకు లాగి ఎగురమంటారు, వద్దంటే ఇంకా లాగుతారు, వద్దు అన్న మాట వాళ్ల చెవికి ఎక్కితే లాగమన్నట్టే వినిపిస్తుంది కాబోలు. అందుకే ఆ వీధిలో అతనికి అన్నిటికన్నా నచ్చిన సూత్రం ఒకటుంది. వద్దు అంటే వద్దు. ఫంక్షన్ హాలులో ఒకడు వచ్చి ఎగురుదాం పా అంటాడు, "వద్దన్నా" అంటే, "మంచిది" అని నవ్వి వెళ్లిపోతాడు. మొదటిసారి అలా జరిగినప్పుడు జశ్వంత్ హెడ్‌సెట్ తీసేసి కూర్చుండిపోయాడు. ఏమైంది భాయ్, కడుపుల తిప్పిందా అని అక్క కంగారు పడింది. తిప్పలేదు. తను వద్దంటే ఒక మనిషి ఆగిపోవడం అతను మొదటిసారి చూశాడు, దానికి కళ్లలో నీళ్లొచ్చాయి. ఆ మనిషి చేత అదే పనిగా అడిగించుకుని, అదే పనిగా వద్దన్నాడు, ఆ రోజంతా వేరే పాఠమే జరగలేదు. "మరి నువ్వు గూడ గట్లనే ఉండాలె," అంది అక్క. "ఎవరన్న వద్దంటే, కాదంటే, మల్ల మల్ల అడుగొద్దు. వాళ్ల మాటకు ఇజ్జత్ ఇయ్యాలె." ఎదుటివాళ్ల మాటకు మర్యాద ఇవ్వడమన్నది అతనికి కొత్తగా చెప్పనక్కర లేదు. తను కోరుకున్నదే తను ఇవ్వడం, అంతకన్నా సుళువైన లెక్క ఈ లోకంలో ఇంకేముంటుంది.

ఒక్క మామ మాత్రం ఏ బొత్తామూ లేకుండా, ఎవరూ నేర్పకుండానే అలా ఉండేవాడు. పెండ్లిళ్లకు పోయినప్పుడు అమ్మావాళ్లు జశ్వంత్‌ను ఒక గదిలో కూర్చోబెట్టేవాళ్లు, చప్పుడుకు పరేషాన్ అవుతాడని, చుట్టాలు ఏమైనా అంటారని, రెండూ నిజమే. ఆ గదికి ఎప్పుడో ఒకప్పుడు మామ వచ్చేవాడు. జేబులోంచి పల్లికాయలు తీసి మంచం మీద పోసేవాడు, తనో కాయ, జశ్వంత్ ఓ కాయ, పొట్టు ఒక దగ్గర, గింజలు ఒక దగ్గర. ఎట్లున్నవని అడిగేవాడు కాదు, ఏం చదువుతున్నవని అడిగేవాడు కాదు, గనిలో చీకట్లో పనిచేసి వచ్చేవాడికి మాటలతో అవసరం తక్కువేమో, పల్లికాయలు అయిపోగానే లేచి తల మీద చెయ్యి కూడా పెట్టకుండా వెళ్లిపోయేవాడు. పెండ్లంటే జశ్వంత్‌కు అదే. డప్పులు, పువ్వులు అందరికీ, తనకు పల్లికాయల చప్పుడు. అలాంటి మామ రాని పెండ్లి ఎలా ఉంటుందో అతను ఊహించలేకపోతున్నాడు. అందుకే వచ్చాడు. చెల్లె గంప కోసమూ వచ్చాడు, నిజానికి తన కోసం కూడా వచ్చాడు.

వచ్చేముందు కహ్కషాన్ అక్క దగ్గర బాగా సాధన చేశాడు. అక్క ఒక ఇల్లు కట్టింది ఆ వీధిలో, ఇంట్లో సోఫా, సోఫాలో ఒక మామ. పత్రిక ఎలా అందించాలి, రెండు చేతులతో. ముందేం అనాలి, తరువాతేం అనాలి, మనసులో ఉన్నది దాచకుండా ఎలా చెప్పాలి. ఆ మామ రెండు జవాబులిస్తాడు, ఒకసారి వస్తానంటాడు, ఒకసారి రానంటాడు, ఏదొస్తుందో ముందు తెలియదు. వస్తానంటే సంతోషం అని చెప్పాలి. రానంటే, సరే నీ ఇష్టం, నాకు మాత్రం బాధగా ఉంది అని చెప్పి లేవాలి. ఆ మామకు అప్పటికప్పుడు తనే గొంతిస్తూ రెండూ నోటికొచ్చేదాకా చేయించింది, చివరికి అక్కకే గొంతు పోయి, మామ రెండు రోజులు గుసగుసగా రానన్నాడు. ఇప్పుడు జశ్వంత్‌కు ఏ జవాబన్నా భయం లేదు. భయం లేకపోవడం వేరు, ఇష్టం లేకపోవడం వేరు. ఒక జవాబు అతనికి అస్సలు ఇష్టం లేదు.

తలుపు తెరుచుకుంది. మామ బనీను, లుంగీతో వచ్చి, కళ్ల అంచున కడిగినా పోని బొగ్గు గీతతో, కుర్చీని కొంచెం పక్కకు జరుపుకుని కూర్చుని, జశ్వంత్‌ను కాకుండా గోడమీది క్యాలెండర్‌ను చూస్తూ అడిగాడు.

"మీ బాపు తోలిండా?"

"లేదు. నేనే వస్త అన్న."

"తోడెవరొచ్చిన్రు?"

"ఎవ్వరు రాలే. బస్సు మీద వచ్చిన."

మామ కళ్లు క్యాలెండర్ మీంచి ఒక్క క్షణం ఇటు దిగి, మళ్లీ అటే ఎక్కాయి. జశ్వంత్ లేచి నిలబడ్డాడు, ప్లాస్టిక్ కవరు తొడలకు అంటుకుని చప్పుడుతో వదిలింది, పత్రిక రెండు చేతులతో పట్టుకున్నాడు. "మామా, మా రిషిత పెండ్లి. నువ్వు, అత్త తప్పకుండ రావాలె. నువ్వొస్తే నాకు మంచిగుంటది." ఒక్క మాట కూడా తప్పిపోలేదు. చాలా బాగా వచ్చింది, అక్క ఉంటే బొటనవేలు పైకెత్తేది.

మామ గట్టిగా ఊపిరి తీసుకున్నాడు, ఎన్నాళ్లనుంచో దాచుకున్న మాటకు చోటు చేస్తున్నట్టు. "మేమెందుకు బిడ్డా. మేం రాము. మీ గ్రూపుల ఫొటోలొస్తయి గద, ఎవలదన్న ఫోనుల చూసుకుంటం తియ్," అని క్యాలెండర్‌తో అన్నాడు.

రాము. రెండో జవాబు. ముక్కు దగ్గర మండింది, అయినా జశ్వంత్ పత్రికను జాగ్రత్తగా సంచిలో పెట్టుకున్నాడు. "సరే మామా, నీ ఇష్టం. నాకైతే బాధనిపిస్తుంది. పోయొస్త అత్తా," అన్నాడు, గుమ్మం దాటాడు, చెప్పులు వేసుకున్నాడు, గేటు గడియ తీశాడు. వెనక వంటింట్లో గరిటె కిందపడ్డ చప్పుడు వినపడింది.

"అరేయ్, ఏడికిరా?" మామ గుమ్మంలోకి వచ్చేశాడు, ఒక కాలికి చెప్పు ఉంది, ఇంకో కాలికి లేదు.

"బస్టాండుకు."

"గట్లనే పోతవా?"

"నువ్వు రానంటివి గద మామా."

"అంటి. అంటిరా. అంటే మాత్రం..." మామ చెయ్యి గాలిలో ఏదో వెతికింది. "జర ఇంకోసారి అడుగరాదు?"

జశ్వంత్ ఆలోచించాడు. మామ మొహం చూశాడు, చూడటం కష్టమే అయినా చూశాడు, అందులో కోపం ఎక్కడా లేదు, కంగారుంది, బాపు కోపంతో లేచి వచ్చేసినప్పుడు కూడా ఇలాగే ఉండిందేమో. రాము అంటే రాము కాదా ఏమిటి. వస్తానని లోపల పెట్టుకుని రానని బయటికి అంటారా, అవతలివాళ్లు దాన్ని తవ్వి తీయాలా, ఇంత పెద్ద సంగతి ఆ వీధిలో లేనేలేదు, అక్కడ నవ్వేవాళ్లున్నారు, కోప్పడేవాళ్లున్నారు, అలిగినవాడు ఒక్కడు లేడు, కహ్కషాన్ అక్క అందరినీ పెట్టి అలిగినవాణ్ని పెట్టడం మరిచిపోయింది. అడగమంటే అడగొచ్చు. కానీ తను వద్దన్నప్పుడు ఆగిపోయిన ఆ మనిషి గుర్తొచ్చాడు, ఆ మేలు ఇంకొకరికి చేయకుండా ఎలా ఉంటాడు. "అడుగొద్దు మామా," అన్నాడు నెమ్మదిగా. "నువ్వొక మాట చెప్పినవ్. మల్ల మల్ల అడిగితే నీ మాటకు ఇజ్జత్ ఇయ్యనట్టు. నీ మాటకు నేను ఇజ్జత్ ఇయ్యాలె."

కిటికీలో అత్త కొంగు నోట్లో కుక్కుకుని వంగిపోయింది, భుజాలు ఎగురుతున్నాయి, ఏడుస్తోందా నవ్వుతోందా అని జశ్వంత్ చూస్తే నవ్వే. మామ అరుగు మీద కూలబడ్డాడు. "నా మాటకు ఇజ్జత్ లేదనే గదరా ఇన్నొద్దుల నుంచి నేను మొత్తుకునేది," అన్నాడు. "తీరా ఇచ్చినోడివి నువ్వొక్కనివి. గిప్పుడే ఇస్తివి. నేనేం గావాలె?" బొగ్గు గీత ఉన్న కళ్లు చేత్తో రుద్దుకున్నాడు, తల గోక్కున్నాడు, గేటు వైపు చూశాడు, కాసేపటికి అతని మొహం మీద ఏదో తట్టిన వెలుగు వచ్చింది. "ఒక పని జెయ్. గేటు అవుతలికి పో. పొయ్యి మల్ల రా. నువ్వింక రానేలేదు, నన్నేం అడుగనేలేదు. గిప్పుడు కొత్తగ వస్తున్నవ్. గప్పుడు అడిగితే మొదటిసారే గద, మల్లమల్ల గాదు గద?"

జశ్వంత్ దాన్ని ఈ పక్కనుంచి, ఆ పక్కనుంచి తిప్పి చూశాడు. ఎటు చూసినా తప్పు కనిపించలేదు. "గది సరే మామా," అని గేటు బయటికి పోయి గడియ వేసుకుని నిలబడ్డాడు. ఎండ మాడ్చేస్తోంది, బొగ్గు లారీ ఒకటి దుమ్ము చిమ్ముకుంటూ పోయింది, ఎదురింటామె బియ్యం చెరుగుతూ ఆగి, కట్టయ్య ఇంటిముందు ఈ పిల్లగాడు తనంతట తానే బయటికి వచ్చి, తనంతట తానే గేటు వేసుకుని నిలబడటం ఏమిటా అని చూస్తోంది. జశ్వంత్‌కు నవ్వొచ్చింది. ఎంతసేపు నిలబడాలో మామ చెప్పలేదు, లోపల కుర్చీలు జరిపిన చప్పుడు, అత్తను దేనికో తొందరపెడుతున్న మామ గొంతు, ఆ చప్పుళ్లు ఆగేదాకా ఉండి గడియ తీశాడు.

మామ చొక్కా వేసుకున్నాడు. గుండీలు ఒకటి కిందా ఒకటి మీదా పడ్డాయి, కుర్చీ ఈసారి వాకిటికి ఎదురుగా ఉంది. "ఎవరూ, మా జశ్వంతా? రా రా. గింత ఎండల ఒక్కనివే వస్తివా బిడ్డా? సుమిత్రా, కాళ్లకు నీళ్లియ్యి, మా అక్క కొడుకు పెండ్లికి పిలువ వచ్చిండు," అని ఎదురింటిదాకా వినపడేలా అన్నాడు. జశ్వంత్ కాళ్లు కడుక్కున్నాడు. అత్తకు బొట్టు పెట్టి రవికెబట్ట ఇచ్చాడు, బొట్టు కొంచెం పెద్దదైంది, అత్త ఏమీ అనుకోలేదు. పత్రిక రెండు చేతులతో పట్టుకుని మామ ముందు నిలబడి, మొదటిసారి అడుగుతున్నాడు కనుక మొదటిసారి అడిగినట్టే అడిగాడు. "మామా, మా రిషిత పెండ్లి. నువ్వు, అత్త తప్పకుండ రావాలె. నువ్వొస్తే నాకు మంచిగుంటది."

మామ పత్రిక అందుకున్నాడు. కుర్చీలో వెనక్కి వాలాడు, గడ్డం పైకెత్తాడు, ఇన్నేళ్లుగా ఎవరు పిలిచినా వాళ్లచేత బతిమిలాడించుకునే ముందు పెట్టే మొహం అది, చూద్దాం తియ్ అనో, ఎవరికి తెలుసు అనో ఒక మాట ఆ పెదవుల దాకా వచ్చే ఉంటుంది. అప్పుడతని చూపు జశ్వంత్ కాళ్ల మీదికి దిగింది, గుమ్మం దగ్గర విడిచిన చెప్పుల మీదికి పోయింది, అక్కడినుంచి తెరిచే ఉన్న గేటుకు పోయింది. గడ్డం కిందికి దిగింది.

"వస్త," అన్నాడు మామ గబగబా. "వస్తరా. పోకు."

జశ్వంత్ సంచి కింద పెట్టి కూర్చున్నాడు.